ఒక్క వేరుశనగ గింజతో చలికాలం

కిందటి ఆగస్టులో ఓ ఆదివారం పొద్దున సీతానగరం వైపు చేపలకి వెళ్తే కవళ్లు చవగ్గా కనిపించాయి. కిలో తూయమన్నాను. అమ్మే ఆవిడ తక్కెడ ఎత్తకుండా నా మొహంలోకి చూసింది. "ఇప్పుడు వీటిలో ఏముంది బాబూ, ముల్లూ తోలూ తప్ప? వానలు పోయాక రండి. పెనంలో నూనె పొయ్యక్కర్లేదు, వాటి నూనె అవే దింపుకుంటాయి" అంది. బేరం చెడగొట్టుకుని మరీ నిజం చెప్పినందుకు ముచ్చటేసి ఆ కిలో కొనేశాను. ఇంటికొచ్చి వేయిస్తే ఆవిడ చెప్పినట్టే అయింది. పెనానికి అతుక్కుపోయాయి.

ఆవిడ చెప్పింది రుచి సంగతి. కానీ చేప ఒంట్లో నూనె ఏ నెలలో ఎంత ఉందన్న ఆ చిన్న ప్రశ్న పట్టుకునే అలాస్కాలో కొంతమంది శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్లు చూసింది కవళ్లని కాదు, హెర్రింగ్‌ని. మన కవళ్లకీ, గోదాట్లో ఎదురీది పులస అనిపించుకునే విలసకీ అది చుట్టమే. వెండి రంగు పొలుసు, గుంపులుగా తిరగడం, ఒంటినిండా నూనె, తినేవాడి ఓపికని పరీక్షించే సన్న ముళ్లు, అన్నీ ఆ వంశం పోలికలే. తేడా అల్లా అది చల్లటి సముద్రాల చేప. అలాస్కా దక్షిణ తీరంలో ప్రిన్స్ విలియం సౌండ్ అని ఒక చోటుంది. చుట్టూ కొండలు, హిమానీనదాలు, మధ్యలో కొండల సందుల్లోకి చొచ్చుకుపోయిన ఉప్పునీళ్లు. 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ అనే నౌక అక్కడి బ్లై రీఫ్ అనే రాతిగట్టుకి కొట్టుకుని, సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు ఆ నీళ్లలో కలిసింది. ఆ కథ చాలామందికి తెలుసు. అంతగా తెలియనిది, నాలుగేళ్ల తర్వాత 1993లో అక్కడి హెర్రింగ్ ఉన్నట్టుండి కుప్పకూలడం. వేట ఆపేశారు. 1990ల చివర్లో కొద్దికాలం తెరిచి మళ్లీ మూసేశారు. ముప్పై ఏళ్లు దాటినా ఆ చేప పాత లెక్కకి రాలేదు.

చమురు వల్లేనా? జబ్బు వల్లా? తిండి లేకనా? దీనిమీద శాస్త్రవేత్తల మధ్య వాదం ఇంకా పూర్తిగా చల్లారలేదు. ఆ వాదంలోకి ఇక్కడ దిగను. కానీ ఆ వాదం పుణ్యమా అని ఒక మంచి పని జరిగింది. అసలు ఒక హెర్రింగ్ పిల్ల పుట్టిన దగ్గర్నుంచి పెద్దదయ్యేదాకా ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు చచ్చిపోతుందో వివరంగా చూడాల్సి వచ్చింది.

ఒక ఆడ హెర్రింగ్ ఒక్క విడతలో వేలకు వేలు, సుమారు 20 వేల గుడ్లు పెడుతుంది. వసంతంలో ఒడ్డు పక్కన నాచు మీద, సముద్రపు గడ్డి మీద అంటిస్తుంది. అన్నీ బతికితే సముద్రంలో నీళ్లకి చోటుండదు. కాబట్టి ఎన్ని గుడ్లు పెట్టాయన్నదాని కంటే ఎన్ని మిగిలాయన్నదే అసలు లెక్క. నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ ఈ సంగతి 1914లోనే పట్టుకున్నాడు. నార్వే తీరంలో 1904లో పుట్టిన హెర్రింగ్ తరం ఒక్కటే ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వలల్ని నింపింది. ముందూ వెనకా పుట్టిన తరాలు దాని పక్కన సోదిలోకి రావు. తల్లులు దాదాపు అవే, సముద్రమూ అదే. మరి ఆ ఏడాది ఏం కలిసొచ్చింది? గుడ్డులోంచి వచ్చిన పిల్ల, సొన అయిపోగానే మొదటి ముద్ద దొరికితే బతుకుతుంది, దొరక్కపోతే పోతుంది, ఆ కొన్ని రోజులే తరం తలరాత రాస్తాయి అని యోర్ట్ ఊహ. చాలాకాలం ఈ రంగంలో అందరూ ఆ మొదటి ముద్ద చుట్టూనే తిరిగారు.

ప్రిన్స్ విలియం సౌండ్‌లో తేలిందేమిటంటే, మొదటి ముద్ద గండం గట్టెక్కిన పిల్లలకి ఇంకో గండం కాచుక్కూర్చుంది. అది తొలి చలికాలం.

చలికాలం అంటే బెజవాడవాళ్లకి అర్థమయ్యేది వేరు. మనకి ఏడాది మొత్తంలో బతకడానికి వీలుగా ఉండేవి ఆ రెండు మూడు నెలలే. పంట ఇంటికొస్తుంది, కూరగాయలు చవకవుతాయి, సంక్రాంతికి కొత్త బియ్యం. పగలు మరీ చిన్నదైన డిసెంబరులో కూడా మనకి 11 గంటల పైన వెలుతురు ఉంటుంది. ప్రిన్స్ విలియం సౌండ్ ఉన్న 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అదే రోజున ఐదున్నర, ఆరు గంటలు. ఆ కాస్త వెలుతురూ ఏటవాలుగా, మబ్బుల చాటునుంచి వస్తుంది. వెలుతురు లేకపోతే నీళ్లలో కంటికి కనపడని మొక్కలు పెరగవు. ఆ మొక్కల్ని తిని బతికే కోపిపాడ్‌లనే చిన్న చిన్న పురుగులు తగ్గిపోతాయి. వాటిలో బాగా కొవ్వు పట్టి, హెర్రింగ్‌కి విందుభోజనం లాంటి రకాలు వేసవిలోనే తినాల్సింది తినేసి, వందల మీటర్ల లోతుకి దిగి నిద్రపోతాయి. పైగా హెర్రింగ్ పిల్ల ఎక్కువగా కంటితో చూసి ఏరుకు తినే రకం. చీకట్లో ఉన్నదీ కనపడదు. మళ్లీ ఏప్రిల్ ప్రాంతంలో వెలుతురు పెరిగి నీళ్లు పచ్చబడేదాకా కరువే.

ఎలుగుబంటి లాగా గుహలో పడుకుందామంటే చేపకి కుదరదు. కదలిక తగ్గించుకుంటుంది గానీ, శ్వాసకీ, గుంపుతో పాటు ఈదడానికీ, ఎవరైనా నోరు తెరుచుకుని వస్తే పారిపోవడానికీ ఎంతో కొంత ఖర్చు తప్పదు. ఆ ఖర్చుకి ఒళ్లే గాదె. ముందు కొవ్వు కరుగుతుంది. కొవ్వు అయిపోవస్తుంటే కండ కరుగుతుంది. బిస్కెట్ ప్యాకెట్ వెనక చూస్తే తెలుస్తుంది, గ్రాము కొవ్వుకి 9 కేలరీలు, గ్రాము ప్రోటీన్‌కి 4. అంటే కొవ్వు అయిపోయాక అదే ఖర్చుకి రెట్టింపు పైన ఒళ్లు కరగాలి.

ఇక్కడే లెక్క వేయాలి. లెక్క వేయకపోతే ఈ విషయంలో ఉన్న బిగువు తెలియదు.

చేప ఒంట్లో శక్తి ఎంతో కొలవడానికి దాన్ని ఎండబెట్టి, పొడి చేసి, మూసిన గిన్నెలో కాల్చి ఎంత వేడి వచ్చిందో చూస్తారు. 1990లలో అలా కొలిస్తే, నవంబరు ప్రాంతంలో ఆ ఏడాదే పుట్టిన హెర్రింగ్ పిల్లల్లో గ్రాము బరువుకి సగటున 5.7 కిలోజౌళ్ల శక్తి కనిపించింది. తొట్లలో మేత పెట్టకుండా ఉంచి చూస్తే, అది గ్రాముకి 3.2 దగ్గరికి పడేసరికి పిల్లలు చచ్చిపోయాయి. గమనించండి, సున్నాకి కాదు, 3.2కి. బ్యాంకు ఖాతాలో మినిమం బ్యాలెన్స్ లాంటిది అది. కళ్లకి కనిపిస్తుంది, తీసుకోవడానికి లేదు. తీసుకోగలిగింది గ్రాముకి 2.5 కిలోజౌళ్లు మాత్రమే. పస్తులో రోజుకి గ్రాముకి 23 జౌళ్ల చొప్పున ఖర్చయింది.

ఇప్పుడు 5 గ్రాముల పిల్లని తీసుకుందాం. వేలెడంత ఉంటుంది. దాని చేతిలో ఉన్న ఖర్చుడబ్బు పన్నెండున్నర కిలోజౌళ్లు, మన భాషలో 3 కేలరీలు. మనకి తెలిసినదానితో పోల్చి చెబుతున్నాను, ఒక్క వేరుశనగ గింజలో సుమారుగా ఉండే శక్తి అంతే. చలికాలం మొత్తానికి ఒక్క గింజ. రోజు ఖర్చుతో భాగిస్తే 108 రోజులు వస్తుంది. నవంబరు 15న కరువు మొదలైందనుకుంటే మార్చి మొదటి వారానికి గింజ అయిపోతుంది. నీళ్లు పచ్చబడేది ఏప్రిల్‌లో.

ఇది ముతక లెక్కే. ఒళ్లు తరిగేకొద్దీ ఖర్చూ తరుగుతుంది, నీళ్లు చల్లబడితే ఇంకా తగ్గుతుంది. అయినా ఇందులోంచి రెండు సంగతులు తేలతాయి. సగటు పిల్ల పూర్తి పస్తుతో చలికాలం దాటలేదు, అంచుమీద ఉంది. రెండోది, ఆ అంచుకి ఇటుంటుందా అటుంటుందా అన్నది జనవరిలో నిర్ణయమయ్యేది కాదు, ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎంత తిన్నదన్న దాన్నిబట్టి ఉంటుంది. చావు మాఘంలో కనిపిస్తుంది, దాని కారణం భాద్రపదంలో ఉంటుంది. ఈ విషయం మొత్తంలో నాకు పట్టుకోవాల్సిన కొస అదేననిపిస్తుంది. ఎందుకంటే చలికాలంలో చచ్చిన చేపని చూసి చలిని తిట్టడం చాలా సులువు.

మరి వేసవిలో తిండి దొరికినప్పుడే బాగా కొవ్వు పట్టించుకోవచ్చు కదా? కుదరదు, పాపం దానికో చిక్కుంది. పిల్ల చిన్నగా ఉన్నంతకాలం ప్రతి నోటికీ ముద్దే. ముందు పొడవు పెరిగితే కొన్ని నోళ్లకైనా పట్టకుండా తప్పించుకుంటుంది. అందుకని వేసవిలో తిన్నదంతా పొడవుకి పోస్తుంది. ఒక స్థాయి దాటాకే కొవ్వు దాచడం మొదలవుతుంది. కడుపు నిండా తిన్న పిల్ల సెప్టెంబరుకే పొడవు సంగతి ముగించి దాపుడు మొదలుపెడుతుంది. ఆలస్యంగా పుట్టిందో, పేద నీళ్లలో పెరిగిందో అయితే అక్టోబరులో కూడా ఇంకా పొడవే పెరుగుతూ ఉంటుంది. నవంబరు వచ్చేసరికి అటు పొడవూ లేదు, ఇటు కొవ్వూ లేదు.

పొట్టిదానికి ఇంకో దెబ్బ కూడా ఉంది. ఒళ్లు చిన్నదయ్యేకొద్దీ గ్రాముకి పడే ఖర్చు పెరుగుతుంది. ఆటోలో మనిషికి పడే ఇంధనం బస్సులో మనిషికి పడేదానికంటే ఎక్కువ, అలాగన్నమాట. అందుకే అదే నీళ్లలో, అదే కరువులో పెద్ద హెర్రింగ్‌లు దర్జాగా బయటపడతాయి. వాటి ఒంట్లో నవంబరుకి గ్రాముకి 9, 10 కిలోజౌళ్లు ఉంటాయి, ఖర్చేమో తక్కువ. పెద్దవి అన్నం మానేసినా ఆరునెలలు బతుకుతాయి, పిల్లలకి నాలుగు నెలలు గడవడమే గగనం. కరువులో ముందు ఎవరి ఇంట్లో పొయ్యి ఆరుతుందో మనకి తెలియనిది కాదు.

ఇంతవరకూ అర్థం చేసుకోవడం తేలికే. అసలు తికమక మార్చిలో వల వేసినప్పుడు వస్తుంది. నవంబరులో పట్టిన పిల్లల సగటు పొడవు ఒకటుంటుంది. మార్చిలో అదే గుంపులోంచి పడితే సగటు కాస్త పెరిగి కనిపించవచ్చు. తిండి లేని నాలుగు నెలల్లో ఎలా పెరిగాయి? పెరగలేదు. పొట్టివి లేవు, అంతే. దుర్గమ్మ కొండ కింద మెట్ల మొదట్లో వంద మందిని, పైన మరో వంద మందిని నిలబెట్టి చూస్తే పైనున్నవాళ్లు సగటున గట్టిగానే కనిపిస్తారు. మెట్లు వాళ్లకి బలం ఇవ్వలేదు, మోకాళ్ల నొప్పులవాళ్లు మధ్యలో ఆగిపోయారు. శక్తి లెక్కలోనూ ఇదే మోసం ఉంది. మార్చిలో పట్టిన పిల్లల్లో గ్రాముకి 3.2 కంటే తక్కువ ఉన్నవి కనిపించకపోతే "ఫర్వాలేదు, అందరూ గీతకి పైనే ఉన్నారు" అనుకోకూడదు. గీత కిందికి జారినవాళ్లు లెక్క చెప్పడానికి రారు. కాబట్టి సగటు చూసి సంతోషపడకుండా, నవంబరులో గీతకి దగ్గర్లో ఎంతమంది ఉన్నారు, మార్చికి ఆ గుంపులో ఎంతమంది మాయమయ్యారు అని చూడాలి. సగటుని నమ్మి మోసపోవడం చేపల దగ్గరే కాదనుకోండి, మన తలసరి ఆదాయం లెక్కలు కూడా చూశాం.

చలికాలంలో తిండి అసలే దొరకదా అంటే, కొద్దిగా దొరుకుతుంది. పిల్లల పొట్టలు కోసి చూశారు. చాలా వాటిల్లో ఏమీ లేదు. కొన్నిట్లో చిన్న రకం కోపిపాడ్‌లు, రొయ్యపిల్లల్లాంటి క్రిల్ ముక్కలు కనిపించాయి. తిన్నది రోజు ఖర్చుకి సరిపోదని లెక్క తేలింది. అయినా అది దండగ కాదు. పై లెక్కలో ఒక నెల తక్కువ పడింది కదా, రోజు ఖర్చులో పావువంతు నోటికి అందినా 108 రోజుల గింజ 144 రోజులు వస్తుంది. అప్పుడు ఏప్రిల్ మొదటి వారం దాకా నడుస్తుంది. ఆ పావువంతు ఏ పాయలో దొరుకుతుంది, ఏ పాయలో దొరకదు అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఒకే సౌండ్‌లో రెండు పాయల మధ్య దూరం బెజవాడ నుంచి గుంటూరు అంత కూడా ఉండకపోవచ్చు, ఒక పాయలో పిల్లలు బలిసి ఉంటాయి, పక్క పాయలో ఈసురోమంటుంటాయి. పిల్లలు తమ పాయ వదిలి పెద్దగా పోవు, కాబట్టి ఎక్కడ పుట్టి ఎక్కడికి కొట్టుకొచ్చిందన్నది కూడా అదృష్టమే.

వేడి సంగతి ఇంకో మెలిక. చేప ఒళ్లు నీళ్లతో పాటే చల్లబడుతుంది, వేడెక్కుతుంది. నీళ్లు వెచ్చబడితే ఖర్చు పెరుగుతుంది. కైకలూరు వైపు మా బావకి చెరువులున్నాయి. కర్రలకి కట్టిన చిల్లుల సంచుల్లో తవుడు, చెక్క పెడతారు. పుష్యమాసం తెల్లారుజామున సంచులు కడితే శీలావతి, బొచ్చె దగ్గరికి రావు, పొద్దెక్కి నీళ్లు వెచ్చబడ్డాకే వస్తాయి. అందుకని చలి రోజుల్లో మేత తగ్గించేస్తాడు. "చల్లగా ఉంటే వాటికి ఆకలుండదు బావా, పెడితే కుళ్లి నీళ్లు పాడవుతాయి" అంటాడు. హెర్రింగ్ పిల్ల ఉన్నది మూడు నాలుగు డిగ్రీల నీళ్లలో. ఆ చలి దానికి శత్రువులా కనిపిస్తుంది గానీ, నిజానికి గింజని పొదుపుగా వాడించేది అదే. చెరువులో ఆకలి పెరిగితే సంచి కట్టడానికి మా బావ ఉన్నాడు. సముద్రంలో వెచ్చని చలికాలం వచ్చి ఖర్చు పెరిగితే సంచి కట్టేవాడు లేడు.

పస్తు ఒక్కటే చంపుతుందని కూడా కాదు. ఆకలేసినవాడు రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడడంటారు. బక్కచిక్కిన పిల్ల కూడా అంతే, ముద్ద కోసం గుంపు అంచుకొస్తుంది, పైకి తేలుతుంది. పొల్లాక్ చేపలు, సముద్రపు పక్షులు, చలికాలంలో దక్షిణానికి పోకుండా అక్కడే ఉండిపోయిన హంప్‌బ్యాక్ తిమింగలాలు కాచుకుని ఉంటాయి. ఒంట్లో నిల్వ లేనివాటికి జబ్బు కూడా త్వరగా పడుతుంది. అక్కడి హెర్రింగ్‌లో రక్తస్రావం తెచ్చే ఒక వైరస్, గుండెనీ కండనీ తినే ఇక్తియోఫోనస్ అనే పరాన్నజీవి రెండూ ఉన్నాయి. పక్షి నోట్లో పోయిన పిల్ల "ఆకలి చావు" లెక్కలోకి రాదు. కానీ దాన్ని ఆ పక్షి దాకా తెచ్చింది సెప్టెంబరులో దొరకని తిండే అయ్యుండొచ్చు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరపడవల వేట ఆపుతారు. గిలకలదిండిలో, నిజాంపట్నంలో పడవలు ఒడ్డున వరసగా నిలబడి ఉంటాయి. గుడ్లు పెట్టే చేపని వదిలేస్తే సంతతి పెరుగుతుందన్నది దాని వెనకున్న ఆలోచన. మంచిదే, కాదనను. కానీ తల్లులు ఎన్ని మిగిలాయన్నది సగం కథే. కేరళ తీరంలో నూనె కవళ్ల దిగుబడి 2012లో ఎక్కడికో వెళ్లి, ఆ తర్వాత పదేళ్లలో పాతాళానికి పడింది. వేట ఒక్కదాన్నే వేలెత్తి చూపి ఊరుకోలేదు అక్కడి శాస్త్రవేత్తలు, నీళ్ల వేడినీ, ఎల్‌నినోనీ, వానల తీరునీ, వాటివల్ల తిండిలో వచ్చే మార్పునీ చూడాల్సి వచ్చింది. మన నీళ్లలో చలికాలపు కరువు లేదు, మన చేపల కరువు నెలలు వేరు. వాటి గీత ఎక్కడుందో అలాస్కాలో కొలిచినంత ఓపిగ్గా ఇక్కడా కొలిస్తే బావుంటుందని నాకో ఆశ.

ఇన్ని చెప్పాక, ఈ లెక్క పట్టుకుని "ఫలానా ఏడాది పిల్లలు బతుకుతాయి, ఫలానా ఏడాది చస్తాయి" అని పంచాంగం చెప్పేయొచ్చా? 2014 నుంచి 2016 దాకా ఉత్తర పసిఫిక్‌లో నీళ్లు అసాధారణంగా వేడెక్కాయి. బ్లాబ్ అని పేరు పెట్టారు దానికి. పెద్ద కొవ్వు కోపిపాడ్‌లు తగ్గాయి, చిన్న చేపల్లో పస తగ్గింది, 2015, 16 చలికాలంలో ముర్ అనే సముద్రపు పక్షులు లక్షల్లో ఆకలితో చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. పైన చెప్పిన లెక్క ప్రకారం ఆ వేడి చివర్లో పుట్టిన హెర్రింగ్ పిల్లలకి నూకలు చెల్లినట్టే. హెర్రింగ్ మూడు, నాలుగేళ్లకి గానీ గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి రాదు కాబట్టి ఆగి చూడాలి. 2019 వసంతంలో అలాస్కాలోనే ఇంకో చోట, సిట్కా సౌండ్ దగ్గర వలలు వేస్తే మూడేళ్ల చేపలు గుంపులు గుంపులుగా పడ్డాయి. 2016లో పుట్టినవి. అక్కడివాళ్లు లెక్కలు రాయడం మొదలుపెట్టాక చూసిన అతి పెద్ద తరాల్లో అదొకటి.